బ్యాక్‌స్పేస్ నొక్కితే ^హెచ్ పడుతోందా? పాత టెర్మినళ్ల చిక్కుపై తరచుగా అడిగే ప్రశ్నలు

పాత టెర్మినల్ (వేరే కంప్యూటర్‌కు కలిపిన తెర, కీబోర్డు) ముందు గానీ, దాన్ని అనుకరించే ప్రోగ్రామ్ ముందు గానీ పనిచేసేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కు ఇది. తప్పు పడిన అక్షరాన్ని చెరపబోతే అది చెరగదు సరికదా, దాని పక్కన మరో రెండు గుర్తులు వచ్చి చేరతాయి. సమస్య చిన్నదే అయినా దశాబ్దాలుగా వెంటాడుతోంది. దీని మీద చలామణిలో ఉన్న చిట్కాలలో చాలావరకు ఒకచోట అతుకు వేసి మరోచోట చిరుగు మిగిల్చేవే కనుక, అసలు కారణంతో సహా వివరించడానికి ఈ పుటలో ప్రయత్నించాము.

ఆదేశాల పేర్లను ఇక్కడ తెలుగు అక్షరాలలో ఇచ్చాము. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న బడి అక్షరాలలోనే కొట్టాలి. టెర్మినల్ అమరికలను చూపే, మార్చే, తరచుగా వచ్చే "ఎస్‌టీటీవై" అనే ఆదేశంలో ఎస్, టి, టి, వై అనే నాలుగు అక్షరాలుంటాయి.

బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం చెరగకుండా ^హెచ్ అని గానీ ^? అని గానీ ఎందుకు పడుతుంది?

టెర్మినల్‌లో బ్యాక్‌స్పేస్ కీ దేనినీ స్వయంగా చెరపదు. ఆ కీ నొక్కినప్పుడు టెర్మినల్ చేసే పనల్లా ఒక సంఖ్యను తీగ వెంట అవతలి కంప్యూటర్‌కు పంపడమే. ఆ సంఖ్య కొన్ని టెర్మినళ్లలో 8, మరికొన్నింటిలో 127. అవతలి వైపు యూనిక్స్ గానీ లినక్స్ గానీ ఉంటే, దాని కేంద్ర భాగమైన కెర్నెల్‌లోని టెర్మినల్ విభాగం వచ్చిన ప్రతి సంఖ్యను తన వద్ద "ఎరేజ్" పేరిట నమోదై ఉన్న సంఖ్యతో పోల్చి చూస్తుంది. రెండూ ఒకటే అయితే వరుసలోని చివరి అక్షరాన్ని తీసేసి, తెర మీద కూడా దాన్ని తుడిచే సంకేతాలను తిరిగి పంపుతుంది. వేరైతే, వచ్చిన దాన్ని మామూలు అక్షరంగానే భావించి వరుసలో చేర్చేస్తుంది.

అలా చేరినది అచ్చుకు రాని నియంత్రణ సంకేతం కనుక, అది కంటికి కనిపించడానికి టోపీ గుర్తుతో చూపిస్తుంది. సంఖ్య 8కి ^హెచ్ అనీ, 127కి ^? అనీ చూపడం ఆనవాయితీ. కాబట్టి తెర మీద ^హెచ్ కనిపించిందంటే మీ టెర్మినల్ 8 పంపుతోందనీ, అవతలి కంప్యూటర్ మాత్రం వేరే సంఖ్య కోసం, బహుశా 127 కోసం, ఎదురుచూస్తోందనీ అర్థం. ^? కనిపిస్తే పరిస్థితి దీనికి తారుమారు. ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే మిగిలిన ప్రశ్నలలో సగానికి జవాబు మీకే తడుతుంది.

కీబోర్డే పాడైందేమోనన్న అనుమానం ఉంటే ఎలా తేల్చుకోవాలి?

ఒకసారి నొక్కితే ఒకే అక్షరం రెండుసార్లు పడటం, కీ వదిలినా అక్షరం పడుతూనే ఉండటం, గట్టిగా నొక్కితే తప్ప పడకపోవడం వంటివి కీబోర్డు లోపాలు. నొక్కిన ప్రతిసారీ క్రమం తప్పకుండా అవే రెండు గుర్తులు పడుతుంటే అది కీబోర్డు లోపం కాదు, అమరికలో తేడా.

సందేహం తీరాలంటే కంట్రోల్ కీతో పాటు వి నొక్కి, ఆ వెంటనే బ్యాక్‌స్పేస్ నొక్కి చూడాలి. కంట్రోల్-వి అన్నది తర్వాత వచ్చే సంకేతానికి ఏ అర్థమూ అంటగట్టకుండా ఉన్నది ఉన్నట్టు చూపమని చెప్పడం కనుక, కీ పంపుతున్నది ఏమిటో ^హెచ్ లేదా ^? రూపంలో తేటగా కనిపిస్తుంది. కంట్రోల్-వి పనిచేయని బాగా పాత వ్యవస్థలలో "ఓడీ -సీ" అనే ఆదేశం ఇచ్చి, బ్యాక్‌స్పేస్ ఒకసారి, ఎంటర్ ఒకసారి, తర్వాత కంట్రోల్-డి నొక్కితే, 8 వచ్చి ఉంటే వెనక్కి వాలిన గీతతో బి అక్షరమూ, 127 వచ్చి ఉంటే దాని అష్టాంశ రూపమైన 177 అంకెలూ కనిపిస్తాయి.

అసలైన వీటీ100 టెర్మినల్ యంత్రమే మీ ముందుంటే ఇంకా మంచి పరీక్ష ఉంది. సెటప్ కీ నొక్కి, 4 నొక్కితే అది లైన్ నుంచి లోకల్ స్థితికి మారుతుంది. అంటే కొట్టిన అక్షరాలు కంప్యూటర్‌కు వెళ్లకుండా నేరుగా తెర మీదికే వస్తాయి. ఈ స్థితిలో కూడా అక్షరాలు రెండేసి పడుతుంటే తప్పు కీబోర్డుదే. వీటీ100 కీబోర్డు మీద బ్యాక్‌స్పేస్, డిలీట్ అని రెండు వేర్వేరు కీలుంటాయి. లోకల్ స్థితిలో బ్యాక్‌స్పేస్ నొక్కితే కర్సర్ ఒక అడుగు ఎడమకు జరుగుతుంది గానీ అక్షరం చెరగదు. డిలీట్ నొక్కితే ఏమీ జరగదు, ఎందుకంటే తన దగ్గరికి వచ్చిన 127ను ఆ టెర్మినల్ పట్టించుకోదు. చెరిపే పని పూర్తిగా అవతలి కంప్యూటర్‌దేనని ఇక్కడ కళ్లారా చూడవచ్చు.

ఒకే పనికి రెండు సంకేతాలు ఎలా వచ్చాయి?

మొదట్లో అవి ఒకే పనికి ఉద్దేశించినవి కావు. అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ఆస్కీ ప్రమాణంలో 8వ సంకేతానికి వెనక్కి జరగడం అనే అర్థమే ఉంది, చెరపడం అనే అర్థం లేదు. కాగితం మీద అచ్చు వేసే యంత్రాలలో ఒక అడుగు వెనక్కి వెళ్లి, అదే అక్షరం మీద మరొకటి కొట్టడానికి అది పనికొచ్చేది. అక్షరం కింద గీత గీయడం అలాగే జరిగేది.

127 పుట్టుక దీనికంటే ఆసక్తికరం. ఆ రోజుల్లో టెలిటైప్ మోడల్ 33 వంటి యంత్రాలు కొట్టిన పాఠాన్ని కాగితపు పట్టీ మీద రంధ్రాలుగా పొడిచేవి. ఒకసారి పడిన రంధ్రాన్ని పూడ్చలేము గానీ, లేనిచోట కొత్త రంధ్రం పొడవగలము. అందువల్ల తప్పు అక్షరం పడితే, పట్టీని ఒక వరుస వెనక్కి జరిపే బొత్తాన్ని నొక్కి, ఆ తర్వాత రబౌట్ అనే కీ నొక్కేవారు. ఆ కీ వరుసలోని అన్ని స్థానాలలోనూ రంధ్రాలు పొడిచేది. కింద ఏ అక్షరం ఉన్నా దాని ఆనవాలు అలా పోయేది. ఆస్కీలోని 7 స్థానాలూ నిండితే వచ్చే సంఖ్య 127. పట్టీని చదివేటప్పుడు అన్నీ రంధ్రాలే ఉన్న వరుసను లెక్కలోకి తీసుకోకూడదన్నది నియమం. ఆస్కీలో మిగిలిన నియంత్రణ సంకేతాలన్నీ 0 నుంచి 31 వరకు ఒకచోట ఉండగా ఇదొక్కటే ఆ చివరన ఒంటరిగా ఉండటానికి కారణం ఇదే.

కాగితం పోయి తెరలు వచ్చాక ఈ రెండింటిలో దేన్ని చెరపడానికి వాడాలన్నది ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క విధంగా తేల్చుకుంది. వీటీ టెర్మినళ్లను తయారుచేసిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 127 పక్షాన నిలిచింది. 1978 నాటి వీటీ100లో రెండు కీలూ ఉన్నా, 1983లో వచ్చిన వీటీ220తో పాటు ఇచ్చిన ఎల్‌కే201 కీబోర్డులో ఎంటర్ పైన ఉండే కీ 127 మాత్రమే పంపేది. వీటీ100ను అనుకరించే స్థితిలో 8 కావాలంటే ఎఫ్12 నొక్కాలి. మరోవైపు 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో అదే చోట ఉన్న బ్యాక్‌స్పేస్ కీకి 8 విలువ దక్కింది. పీసీలు ఇంటింటికీ చేరి, వాటి మీద వీటీ టెర్మినళ్లను అనుకరించే ప్రోగ్రామ్‌లు వచ్చినప్పుడు ఈ రెండు సంప్రదాయాలూ ఒకే కీ మీద ఢీకొన్నాయి. ఇవాళ్టికీ మనం చూస్తున్నది ఆ ఘర్షణ ఫలితమే.

బాగా పాత యూనిక్స్ యంత్రంలో చెరపబోతే నడుస్తున్న ప్రోగ్రామే ఆగిపోతోంది. ఇది కూడా అదే సమస్యా?

అదే, మరింత తీవ్రమైన రూపంలో. తొలినాటి యూనిక్స్‌లో అక్షరాన్ని చెరపడానికి 8 గానీ 127 గానీ కాక # గుర్తునూ, వరుస మొత్తాన్ని రద్దు చేయడానికి @ గుర్తునూ వాడేవారు. కాగితం మీద అచ్చయ్యే టెర్మినళ్లకు ఇది సబబైన ఏర్పాటే. ఏది చెరిపారో కాగితం మీద కనిపిస్తూనే ఉండేది. 1979 నాటి ఏడవ సంచికలో 127 సంకేతానికి నడుస్తున్న పనిని ఆపివేయడం అనే అర్థం ఉంది. ఈనాడు కంట్రోల్-సి చేసే పని అది. హెచ్‌పీ-యూఎక్స్ వంటి కొన్ని వాణిజ్య యూనిక్స్‌లు ఈ పాత విలువలను చాలాకాలం అలాగే ఉంచాయి.

అటువంటి యంత్రానికి 127 పంపే టెర్మినల్‌తో వెళ్తే, ఒక్క అక్షరం చెరపబోయి గంటసేపటి పనిని ఆపేసుకునే ప్రమాదం ఉంది. ఈమెయిల్ చిరునామాలో @ కొట్టగానే అప్పటిదాకా కొట్టినదంతా రద్దయిపోతుంది. అక్కడ ఎరేజ్ ఒక్కదాన్ని మారిస్తే చాలదు. ఎరేజ్, కిల్, ఇంటర్ అనే మూడు అమరికలనూ కలిపి మార్చాలి: "ఎస్‌టీటీవై ఎరేజ్ '^?' కిల్ '^యు' ఇంటర్ '^సి'". ఇందులో చివరి పేరును ఐ, ఎన్, టి, ఆర్ అనే నాలుగు అక్షరాలతోనే కొట్టాలి.

ఇప్పటికిప్పుడు పని గడవాలంటే ఏం చేయాలి?

ముందుగా "ఎస్‌టీటీవై -ఎ" ఇచ్చి ఎరేజ్ పక్కన ఏముందో చూడాలి. అక్కడ ^? ఉండి మీ కీ ^హెచ్ పంపుతుంటే "ఎస్‌టీటీవై ఎరేజ్ '^హెచ్'" అని ఇవ్వాలి. తారుమారైతే "ఎస్‌టీటీవై ఎరేజ్ '^?'" అని ఇవ్వాలి. ఇక్కడ టోపీ గుర్తును, దాని పక్కనున్న దాన్ని విడివిడిగా కొడితే చాలు. వాటి అర్థాన్ని ఆదేశం గ్రహిస్తుంది.

కొటేషన్ గుర్తులను వదిలేయకండి. ప్రశ్నార్థకాన్ని షెల్ (మీ ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రామ్) ఫైలు పేర్ల నమూనాగా భావించవచ్చు. అంతకంటే ముఖ్యంగా, అసలైన బోర్న్ షెల్‌లో టోపీ గుర్తుకు పైపు గుర్తుతో సమానమైన అర్థం ఉండేది కనుక, కొటేషన్ లేకపోతే అది హెచ్ అనే పేరుగల ఆదేశం కోసం వెతికి, దొరకలేదని చెబుతుంది. పాత యంత్రాల దగ్గర ఈ చిన్న విషయం తెలియక తికమకపడటం మామూలే.

ఏ సంకేతం వస్తోందో తేల్చుకునే తీరిక కూడా లేకపోతే, "ఎస్‌టీటీవై ఎరేజ్" అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, కంట్రోల్-వి నొక్కి, బ్యాక్‌స్పేస్ నొక్కి, ఎంటర్ కొట్టండి. ఆ కీ ఏది పంపితే అదే ఎరేజ్‌గా స్థిరపడుతుంది.

ఆ ఆదేశాన్ని, లాగిన్ అయిన ప్రతిసారీ నడిచే ప్రొఫైల్ ఫైలులో రాసేస్తే శాశ్వతంగా సరిపోతుంది కదా?

చాలామంది చేసేది అదే, కానీ మా మొదటి సూచన టెర్మినల్ వైపు మార్చడం; దీన్ని రెండో మార్గంగానే సూచిస్తాము. మీరు ఆ సర్వర్‌కు ఎప్పుడూ ఒకే టెర్మినల్ నుంచి వెళ్తారన్న హామీ లేదు. ఆఫీసులోని కంప్యూటర్ 127 పంపుతూ, యంత్రాల గదిలోని సీరియల్ కన్సోల్ 8 పంపుతూ ఉంటే, ప్రొఫైల్‌లో రాసిన ఒక్క వరుస ఒకచోట బాగుచేసి మరోచోట పాడుచేస్తుంది. పైగా ఆ ఫైలును నలుగురూ వాడే ఖాతాలో పెడితే ఒకరి సౌకర్యం మిగతావారికి ఇబ్బంది అవుతుంది.

తప్పనిసరై రాయవలసి వస్తే, అవతల నిజంగా టెర్మినల్ ఉందో లేదో చూసుకునే షరతుతో రాయండి: "ఇఫ్ [ -టి 0 ]; దెన్ ఎస్‌టీటీవై ఎరేజ్ '^?'; ఫై". ఈ షరతు లేకపోతే, టెర్మినల్ లేకుండా నడిచే పనులలో ఎస్‌టీటీవై తప్పు సందేశం ఇస్తుంది.

మరి టెర్మినల్ వైపు మార్చడం ఎలా?

పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రామ్ వాడేవారు అమరికలలో టెర్మినల్ కింద ఉన్న కీబోర్డ్ భాగాన్ని తెరిస్తే, బ్యాక్‌స్పేస్ కీ కంట్రోల్-హెచ్ పంపాలా, 127 పంపాలా అని ఎంచుకునే చోటు మొదటే కనిపిస్తుంది. మామూలుగా అక్కడ 127 ఎంపికై ఉంటుంది. మార్చిన తర్వాత ఆ సెషన్‌ను పేరుతో భద్రపరచడం మరువకండి. మినీకామ్‌లో కంట్రోల్-ఎ నొక్కి టి నొక్కితే వచ్చే పట్టికలో ఇదే ఎంపిక ఉంటుంది. నెట్‌వర్క్ స్విచ్‌ల కన్సోల్‌కు సీరియల్ తీగతో వెళ్లేవారికి ఎక్కువగా అవసరపడేది ఇదే. ఎక్స్‌టెర్మ్‌లో కంట్రోల్ కీ నొక్కి ఉంచి మౌస్ ఎడమ బొత్తం నొక్కితే వచ్చే మెనూలో ఈ మార్పు చేయవచ్చు.

అసలైన వీటీ220 దగ్గర కీని మార్చలేరు కనుక, అక్కడ సర్వర్ వైపే సరిచేసుకోవాలి.

8, 127లలో ఏది ఎంచుకోవడం మంచిది?

127. ఇందులో మాకు సందేహం లేదు. కంట్రోల్-హెచ్ నొక్కినా 8వ సంకేతమే వెళ్తుంది కనుక, బ్యాక్‌స్పేస్ కూడా 8 పంపితే ఆ రెండింటినీ వేరుచేసి చూడటం ఏ ప్రోగ్రామ్‌కూ సాధ్యం కాదు. ఈమ్యాక్స్ ఎడిటర్‌లో కంట్రోల్-హెచ్ సహాయం తెరిచే కీ. 8 పంపే టెర్మినల్ నుంచి ఈమ్యాక్స్‌లో అక్షరం చెరపబోయినవారికి సహాయపు కిటికీ ఎదురవడం ఈ కారణంగానే. డెబియన్ అనే లినక్స్ పంపిణీ తన విధాన పత్రంలో బ్యాక్‌స్పేస్, డిలీట్ కీలు రెండూ ప్రతి ప్రోగ్రామ్‌లోనూ ఒకే తీరుగా పనిచేయాలనీ, బ్యాక్‌స్పేస్ 127 పంపాలనీ చాలాకాలం కిందటే నిర్దేశించింది. లినక్స్ కన్సోల్ కూడా 127 పంపుతుంది. వ్యవస్థలన్నీ ఒక దారిలోకి వస్తున్నప్పుడు మీరు కొత్తగా అమర్చే ప్రతి టెర్మినల్‌నూ అదే దారిలో పెట్టడం మీ తర్వాత అక్కడ పనిచేసేవారికి చేసే మేలు.

పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా లాగిన్ తప్పు అంటోంది. దీనికీ బ్యాక్‌స్పేస్‌కూ సంబంధం ఉందా?

ఉంది. ఈ పుటలో అన్నింటికంటే శ్రద్ధగా చదవవలసినది ఇదేనని మా అభిప్రాయం. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనిపించదు. మధ్యలో ఒక అక్షరం తప్పు పడిందని గ్రహించి బ్యాక్‌స్పేస్ నొక్కి సరిచేశాననుకుంటారు. సంకేతాలు కలవని చోట ఆ తప్పు అక్షరమూ, దాని వెనుక బ్యాక్‌స్పేస్ సంకేతమూ రెండూ పాస్‌వర్డ్‌లో భాగాలుగా వెళ్లిపోతాయి. ^హెచ్ అని హెచ్చరించే వీలు కూడా అక్కడ లేదు. రెండు మూడుసార్లు ఇలా జరిగితే ఖాతా తాళం పడే ఏర్పాటు ఉన్నచోట, పాస్‌వర్డ్ మరచిపోయామని భావించి నిర్వాహకుని దగ్గరికి పరుగెత్తేవారు ఉన్నారు. పాస్‌వర్డ్‌లో తప్పు దొర్లినట్టు అనిపిస్తే బ్యాక్‌స్పేస్ జోలికి పోకుండా కంట్రోల్-యు నొక్కి మొదటి నుంచి కొట్టండి. పాత యంత్రమైతే ఆ పని @ చేస్తుంది.

పాస్‌వర్డ్ కొత్తగా పెట్టుకునేటప్పుడు జరిగే పొరపాటు ఇంకా చెడ్డది. రెండుసార్లూ ఒకే విధంగా తప్పి, ఒకే విధంగా "చెరిపితే" ఆ కనిపించని సంకేతంతోనే పాస్‌వర్డ్ స్థిరపడిపోతుంది.

సీరియల్ కన్సోల్ మీద లినక్స్ వాడేవారికి ఒక ఉపాయం ఉంది. లాగిన్ పేరు అడిగే ఎజెట్టీ అనే ప్రోగ్రామ్ 8, 127 రెండింటినీ చెరిపే సంకేతాలుగా అంగీకరించడమే కాకుండా, మీరు వాడిన దాన్నే ఎరేజ్‌గా గుర్తుపెట్టుకుంటుంది. అందువల్ల పేరు కొట్టేటప్పుడు కావాలనే ఒక అక్షరం అదనంగా కొట్టి, దాన్ని బ్యాక్‌స్పేస్‌తో చెరిపితే, ఆ తర్వాతి పాస్‌వర్డ్ దశలో కూడా ఆ కీ పనిచేసే అవకాశం ఎక్కువ. కొన్ని పంపిణీలలో లాగిన్ ప్రోగ్రామ్ తన అమరికల ఫైలులోని ఎరేజ్‌క్యార్ విలువతో దీన్ని తిరగరాస్తుంది కనుక ఫలితం అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

షెల్‌లో బాగానే చెరుగుతోంది. ఎస్‌క్యూఎల్ ప్లస్ లాంటి డేటాబేస్ ప్రోగ్రామ్‌లోకి వెళ్తే మాత్రం ^హెచ్ పడుతోంది. ఎందుకు?

బాష్ షెల్ వరుసను తానే దిద్దుకుంటుంది. అందులోని రీడ్‌లైన్ అనే భాగం 8నూ 127నూ రెండింటినీ చెరిపే సంకేతాలుగానే చూస్తుంది. అంటే అమరిక తప్పుగా ఉన్నా బాష్ ఆ తప్పును కప్పిపుచ్చుతుంది. ఎస్‌క్యూఎల్ ప్లస్ వంటివి వరుసను దిద్దే పనిని కెర్నెల్‌కే వదిలేస్తాయి కనుక అక్కడ ఎరేజ్ విలువ ఒక్కటే చెల్లుతుంది, దాంతో దాగి ఉన్న తప్పు బయటపడుతుంది. "షెల్‌లో పనిచేస్తోంది కాబట్టి అమరిక సరైనదే" అనే తర్కం అందుకే నిలవదు. "క్యాట్" అని మాత్రమే కొట్టి ఎంటర్ నొక్కి, అక్కడ రెండక్షరాలు కొట్టి చెరిపి చూడటం నమ్మదగిన పరీక్ష.

పూర్తి తెరను వాడుకునే ప్రోగ్రామ్‌ల సంగతి వేరు. అవి టర్మ్ అనే చరరాశిలోని పేరును బట్టి టెర్మిన్ఫో పట్టికను తెరిచి, అందులో కేబీఎస్ అనే పేరుతో ఉన్న విలువను బ్యాక్‌స్పేస్‌గా గుర్తిస్తాయి. మీ కీ పంపేదీ, ఆ పట్టికలో ఉన్నదీ ఒకటేనా అన్నది "టీపుట్ కేబీఎస్ | ఓడీ -సీ" ఇచ్చి చూడవచ్చు. విమ్ ఎడిటర్‌లో పాత అక్షరాలు చెరగకపోవడానికి తరచుగా కారణం ఇవేవీ కాదు. దాని "బ్యాక్‌స్పేస్" అనే సొంత అమరిక ఖాళీగా ఉండటం వల్ల, ఇప్పుడే కొట్టినవి తప్ప అంతకుముందున్నవి చెరపనివ్వదు.

బాణం గుర్తు కీలు నొక్కితే ^[[ఎ అనీ, డిలీట్ నొక్కితే ~ గుర్తు అనీ పడుతున్నాయి. ఎస్‌టీటీవైతో సరిచేయవచ్చా?

సరిచేయలేము. బాణం కీలు ఒక్క సంకేతం కాకుండా, ఎస్కేప్‌తో మొదలయ్యే సంకేతాల వరుసను పంపుతాయి. పై బాణానికి వీటీ100 ఎస్కేప్, చదరపు కుండలీకరణం, ఎ అనే మూడింటినీ పంపుతుంది. కొన్ని ప్రోగ్రామ్‌లు కోరినప్పుడు కుండలీకరణం బదులు ఓ అక్షరం పంపే మరో స్థితి కూడా ఉంది. డిలీట్ కీ పంపేది వీటీ220లోని రిమూవ్ అనే కీ నుంచి వచ్చిన వరుస. అది 3తోనూ ~ గుర్తుతోనూ ముగుస్తుంది. కెర్నెల్‌కు ఈ వరుసల అర్థం తెలియదు. ప్రోగ్రామ్‌కే తెలియాలి. తెలియని ప్రోగ్రామ్‌లను ఆర్, ఎల్, డబ్ల్యూ, ఆర్, ఎ, పి అక్షరాల పేరుగల చిన్న ఉపకరణం ద్వారా నడిపితే, బాణం కీలూ పాత ఆదేశాల జాబితా కూడా వాటికి సమకూరుతాయి.

ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్తే సరిగ్గా ఉండి, టెల్నెట్‌తోనో సీరియల్ తీగతోనో వెళ్తే ఎందుకు చెడుతుంది?

ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌కు భద్రంగా చేరే పద్ధతి) టెర్మినల్‌ను కోరేటప్పుడు మీ వైపున్న ఎరేజ్ విలువతో సహా టెర్మినల్ అమరికలను కూడా అవతలికి పంపగలదు. 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4254 అనే ప్రమాణ పత్రంలో ఇందుకు ఏర్పాటు ఉంది. సీరియల్ తీగ వెంట అక్షరాలు తప్ప ఇంకేమీ ప్రయాణించవు.

తెలుగు అక్షరాలను చెరిపితే తెర చిందరవందర అవుతోంది. ఇదీ ఆ కోవలోనిదేనా?

మూలం వేరు, చోటు మాత్రం అదే. పాత టెర్మినల్ ఏర్పాటంతా ఒక అక్షరమంటే ఒక బైటు అనే నమ్మకం మీద కట్టినది. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ప్రతిదానికీ 3 బైట్లు పడతాయి. "క" అని కొట్టి ఒకసారి బ్యాక్‌స్పేస్ నొక్కితే, ఆ సంగతి తెలియని కెర్నెల్ చివరి బైటును మాత్రమే తీసేస్తుంది. తెర మీద క పోయినట్టు కనిపించినా వరుసలో రెండు బైట్ల తునక మిగిలి ఉంటుంది. ఆ తర్వాత ఎంటర్ కొడితే ప్రోగ్రామ్‌కు చేరేది ఆ తునకే. ఇలా విరిగిన బైట్లు డేటాబేస్‌లోకి పోతే తర్వాత వెతికి పట్టుకోవడం చాలా కష్టం.

లినక్స్ దీనికి 2.6.4 కెర్నెల్ నుంచి ఐయూటీఎఫ్8 అనే అమరికను ఇచ్చింది. "ఎస్‌టీటీవై ఐయూటీఎఫ్8" అని ఇస్తే బ్యాక్‌స్పేస్ మూడు బైట్లనూ కలిపి తీస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఈ అమరికను కూడా పంపే పద్ధతి 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8160గా ప్రమాణమైంది కనుక, అంతకంటే పాత ప్రోగ్రామ్‌లతో వెళ్లినప్పుడు దీన్ని చేత్తో ఇవ్వవలసి రావచ్చు.

అయినా తెలుగుకు ఇది సగం పరిష్కారమే. "శ్రీ" అన్నది చదివేవారికి ఒక్క అక్షరం. యూనికోడ్‌కు మాత్రం శ, పొల్లు, ర, దీర్ఘం అనే నాలుగు సంకేతాలు, మొత్తం 12 బైట్లు. బ్యాక్‌స్పేస్‌కు ఒక సంకేతం చొప్పున పోతుంది. గుడులకూ పొల్లుకూ తెర మీద సొంత గడి లేకపోయినా, చెరిపే ప్రతి సంకేతానికీ కర్సర్ ఒక గడి వెనక్కి జరుగుతుంది. అందుకే కర్సర్ జరిగిపోయి, ముందున్న ప్రాంప్టును కూడా తినేసినట్టు కనిపిస్తుంది. వరుసలో ఉన్నది సరైనదే, చూపు మాత్రమే తప్పు. తెలుగు పాఠాన్ని ఇటువంటి చోట నేరుగా కొట్టకుండా, ఎడిటర్‌లో రాసి ఫైలుగా అందించడం మేలని మా సలహా. మన భాషలో పనిచేసేవారు ఈ ఇబ్బంది పడటం మాకు బాధాకరమే. అయినా, ముఖ్యమైన సమాచారం ఉన్నచోట విరిగిన బైట్ల కంటే ఈ చుట్టుదారి మెరుగు.

ఏ కీ నొక్కినా తెర మీద ఏమీ పడటం లేదు. ఏం చేయాలి?

మొదట కంట్రోల్-క్యూ నొక్కండి. పొరపాటున కంట్రోల్-ఎస్ పడితే తెర నిలిచిపోతుంది. వీటీ100 మీద నో స్క్రోల్ అనే కీ చేసేది కూడా ఇదే. ఏదైనా ప్రోగ్రామ్ అర్ధాంతరంగా ఆగిన తర్వాత ఈ స్థితి వస్తే, ఎంటర్ కూడా పనిచేయకపోవచ్చు కనుక, కంట్రోల్-జె నొక్కి, "ఎస్‌టీటీవై సేన్" అని కొట్టి, మళ్లీ కంట్రోల్-జె నొక్కాలి. కొట్టేది కనిపించకపోయినా ఆగవద్దు. ఒక హెచ్చరిక: ఈ ఆదేశం ఎరేజ్‌ను కూడా ఆ వ్యవస్థ తొలి విలువకు మార్చేస్తుంది.

చెరిపిన అక్షరాలు వెనక్కి వాలిన గీత పక్కన తిరగబడి మళ్లీ అచ్చవుతున్నాయి. ఇదేమి వింత?

కాగితపు టెర్మినళ్ల కోసం చేసిన ఏర్పాటు అది. కాగితం మీద తుడవలేము కనుక, ఏవి పోయాయో వాడుకరికి తెలియజేయడానికి చెరిపిన వాటిని రెండు గీతల నడుమ మళ్లీ అచ్చు వేస్తారు. తెర ఉన్నచోట "ఎస్‌టీటీవై ఎకోఇ -ఎకోపీఆర్‌టీ" ఇస్తే పోతుంది.

వీఎంఎస్ యంత్రంలో బ్యాక్‌స్పేస్ నొక్కితే కర్సర్ వరుస మొదటికి వెళ్లిపోతోంది. అక్కడ ఎస్‌టీటీవై కూడా లేదు.

వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసినది వీటీ టెర్మినళ్లను తయారుచేసిన సంస్థే కనుక, అందులో చెరిపే సంకేతం ముమ్మాటికీ 127. కంట్రోల్-హెచ్‌కు వరుస మొదటికి వెళ్లడం అనే వేరే పని ఇచ్చారు. కర్సర్ ఎగిరిపోవడానికి కారణం అదే. మన రైల్వే రిజర్వేషన్ల కోసం క్రిస్ సంస్థ రూపొందించగా 1994లో సికింద్రాబాద్‌లో మొదట అమలైన కాన్సర్ట్ వ్యవస్థ కూడా వీఎంఎస్ మీద నడిచినదే. ఇటువంటి యంత్రాలకు పీసీ నుంచి వెళ్లేవారు తమ టెర్మినల్ ప్రోగ్రామ్‌ను 127కు మార్చుకోవడం తప్ప మరో సులువైన దారి లేదు.

ఈ గందరగోళంలో ఒక ఫైలు పేరులోకి ^హెచ్ చేరిపోయింది. చూడటానికి పేరు సరిగ్గానే ఉంది, తెరవబోతే లేదంటోంది. ఎలా తీసేయాలి?

"ఎల్ఎస్ -బి" ఇస్తే దాగి ఉన్న సంకేతం వెనక్కి వాలిన గీతతో బయటపడుతుంది. ఆ తర్వాత "ఎల్ఎస్ -ఐ" ఇచ్చి, ఆ పేరుకు ముందున్న ఐనోడ్ సంఖ్యను (ఫైలుకు వ్యవస్థ ఇచ్చే సంఖ్యను) రాసుకోండి. ఫైలులో విలువైనది ఏమీ లేకపోతే "ఫైండ్ . -ఐనమ్" తర్వాత ఆ సంఖ్య, దాని తర్వాత "-డిలీట్" ఇస్తే ఆ ఒక్క ఫైలే పోతుంది. ఉంచుకోవాలనుకుంటే "-డిలీట్" బదులు "-ఎగ్జెక్ ఎంవీ {} కొత్తపేరు \;" అని ఇచ్చి పేరు మార్చుకోండి. రెండింటిలో ఏది చేసినా ముందుగా చివరి భాగం లేకుండా ఆ ఫైండ్ ఆదేశాన్ని ఒకసారి నడిపి, చూపుతున్నది మీరనుకున్న ఫైలేనని రూఢి చేసుకోండి.